అండమాన్ ఆటవిడుపు: ఒక సింహావలోకనం

సెలవు రోజు ఒక ఊరికి ఎలా వచ్చిందో చరిత్ర పుస్తకాలు సాధారణంగా చెప్పవు. రాజులు, యుద్ధాలు, శిస్తులు, పంటలు చెప్పి ఊరుకుంటాయి. అండమాన్ దీవుల విషయంలో మాత్రం విశ్రాంతి కథను వదిలేస్తే అసలు చరిత్రే సగానికి తెగిపోతుంది. మనిషికి విశ్రాంతి, వినోదం, అయినవాళ్ల తోడు లేకుండా చేయడానికే ఒక ప్రభుత్వం కోరి ఎంచుకున్న చోటు ఇది. అలాంటి చోట ఇవాళ ఆదివారం పొద్దున్నే క్యారియర్లలో పులిహోర, చేపల వేపుడు సర్దుకుని కుటుంబాలకు కుటుంబాలే సముద్రం ఒడ్డుకు బయల్దేరుతున్నాయి. వాటిలో మన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3,80,581 మంది ద్వీపవాసుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. వాళ్ల ఆదివారం వెనక 160 ఏళ్లకు పైబడిన ప్రయాణం ఉంది.

అయితే ఈ దీవుల్లో మొదటి వేడుకలు మనవి కావు. గ్రేట్ అండమానీయులు, ఓంగేలు, జరవాలు వేల ఏళ్లుగా ఈ అడవుల్లో, ఈ తీరాల్లో బతికారు. వేట బాగా పడిన రోజు రాత్రి గుడిసెల మధ్య చదును చేసిన నేల మీద ఆట సాగేది. పాట కట్టినవాడు డాలు ఆకారంలో చెక్కిన పలకను కాలితో తొక్కుతూ తాళం వేసేవాడు, ఆడవాళ్లు తొడల మీద చరుస్తూ గొంతు కలిపేవారు, మగవాళ్లు ఆడేవారు. 19వ శతాబ్దంలో ఇ.హెచ్. మాన్, ఆ తర్వాత 1906-08 మధ్య ఇక్కడ పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఆ ఆటపాటలను వివరంగా రాసిపెట్టారు. నికోబార్‌లో హోడి అనే పక్కకట్టె పడవల పందేలు ఊళ్ల మధ్య పౌరుషంగా జరిగేవి, ఇప్పటికీ జరుగుతున్నాయి. గ్రేట్ అండమానీయులు మాత్రం ఇప్పుడు యాభై మంది ప్రాంతంలోనే మిగిలారు. తర్వాత వచ్చినవాళ్లు అనుభవించిన ప్రతి సంతోషం వీళ్ల తీరం మీదే నిలబడిందన్న ఎరుకతోనే ముందుకు సాగాలి.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వేసిన తొలి స్థావరం రోగాలకు తట్టుకోలేక 1796లో మూతపడింది. రెండోసారి బ్రిటిష్ వాళ్లు వచ్చింది 1857 తిరుగుబాటు తర్వాత. 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో దిగాడు. పాలన అంతా రాస్ దీవి నుంచి నడిచేది. ఆ బుల్లి దీవి మీద దొరలకు క్లబ్బు, నాట్యశాల, టెన్నిస్ మైదానాలు, ఈతకొలను, రొట్టెల బట్టీ, చర్చి అన్నీ అమిరాయి. ఎదురుగా, సుమారు కిలోమీటరు నీళ్లకు ఆవల, అబర్డీన్ ఒడ్డున కాళ్లకు సంకెళ్లతో ఖైదీలు అడవి నరుకుతూ, చిత్తడి పూడుస్తూ ఉండేవారు. ఒకే పాయకు ఇరుపక్కలా ఒకడి వినోదం, ఒకడి శిక్ష ఎదురెదురుగా సాగిన చోటు దేశంలో మరొకటి ఉందని నేననుకోను.

ఆ కాలంలోనే ఒక సాయంకాలపు షికారు సామ్రాజ్యాన్ని కుదిపేసింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో మౌంట్ హ్యారియట్ కొండ ఎక్కాడు. జబ్బుపడ్డవాళ్లకు ఆరోగ్య కేంద్రం కట్టడానికి ఆ కొండ పనికొస్తుందేమో చూడాలన్నది ఒక కారణమైతే, అక్కడి సూర్యాస్తమయం చూడాలన్నది రెండో కారణం. చీకటి పడ్డాక కిందికి దిగి హోప్‌టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. ఆ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. దాని మీంచి నార్త్ బే దీపస్తంభం వైపు కనపడే దృశ్యం మన పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక అచ్చయింది. ఆ బొమ్మ ఎక్కడిదో తెలియకుండానే కోట్ల మంది తెలుగువాళ్లు దాన్ని జేబులో పెట్టుకు తిరిగారు. దీవుల పిల్లలు మాత్రం బడి పిక్నిక్‌కు ఆ కొండ ఎక్కి, నోటు తీసి దృశ్యానికి ఎదురుగా పట్టుకుని పోల్చి చూసేవారు.

ఏళ్ల తరబడి మంచి నడవడితో శిక్ష అనుభవించిన ఖైదీలకు తర్వాత్తర్వాత కొంత వెసులుబాటు దొరికింది. భూమి దున్నుకోవచ్చు, పశువులు పెంచుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. ఆడఖైదీలతో జరిగిన ఆ పెళ్లిళ్ల జ్ఞాపకం షాదీపూర్ అనే పేటపేరులో నిలిచిపోయింది. ఎక్కడెక్కడి కులాలో, మతాలో, భాషలో ఒక పొయ్యి దగ్గర కలిశాయి. వాళ్ల పిల్లలే ‘లోకల్ బార్న్’ సమాజం. ఈ దీవుల్లో ఇల్లు, వాకిలి, పెరడు, సాయంకాలపు కబుర్లు అనే మామూలు జీవితానికి పునాది వేసింది వాళ్లే. పిక్నిక్ బుట్టల్ని మోసుకెళ్లే నేటి తరం వాళ్లకు ఎంతో రుణపడి ఉంది.

తెలుగువాళ్లు ఇక్కడికి మొదట ద్వీపాంతర శిక్ష మీదే వచ్చారు. 1879 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడినవారిని, మళ్లీ 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం వీరుల్లో కొందరిని ఇక్కడికి పంపారు. కొండల్లో పుట్టి, సముద్రాన్ని ఎన్నడూ చూడని మనిషికి చుట్టూ నీళ్లే ఉండటం ఎంతటి శిక్షో ఊహించుకోవలసిందే. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులర్ జైల్లో 693 గదులు. ఏ గదిలో మనిషికి పక్క గదిలో మనిషి ముఖం కనపడకూడదన్న లెక్కతో కట్టారు. అంటే శిక్షలోని అసలు వాడి ఏకాంతమే. 1933లో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షకు దిగారు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు వదిలారు. ఆ తర్వాతే గదుల్లో దీపం, చదువుకోను పుస్తకాలు, పత్రికలు, ఆడుకునే అవకాశం దక్కాయి. ఒక సాయంత్రం ఆట కోసం, ఒక పుస్తకం కోసం మనుషులు చచ్చిపోయిన నేల ఇది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరం వేంకటాచారి ఆ దశకంలోనే ఈ జైలుకు వచ్చారు. 1937లో మరో దీక్ష జరిగాక, 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి తరలించారు.

విశ్రాంతి దక్కే రోజులు వస్తున్నాయనుకునే లోపు యుద్ధం వచ్చిపడింది. 1942 మార్చి 23న జపాన్ సేనలు దిగాయి. 1943 డిసెంబర్ 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు. దొరల ఆటలకు పెట్టింది పేరైన ఆ మైదానమే నేటి నేతాజీ స్టేడియం. ఇవాళ అక్కడ పిల్లలు బంతి తన్నుకుంటుంటే చూడటం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. నెల తిరగ్గానే, 1944 జనవరి 30న, గూఢచారులన్న నింద మోపి 44 మందిని హంఫ్రీగంజ్‌లో జపనీయులు కాల్చిచంపారు. 1945 ఆగస్టులో తిండి కొరత తీర్చుకోవడానికి వందల మందిని పడవల్లో ఎక్కించి హేవ్‌లాక్ దగ్గర సముద్రంలోకి తోసేశారు. ఈనాడు దేశమంతటి నుంచి కొత్త దంపతులు విహారానికి వచ్చే దీవి అదే. కార్బిన్స్ కోవ్ తీరం వెంబడి జపనీయుల కాంక్రీటు బంకర్లు ఇంకా ఉన్నాయి. వాటి నీడలో కూర్చుని జనం కొబ్బరినీళ్లు తాగుతారు.

స్వాతంత్ర్యం తర్వాతే దీవులకు సంసారం అబ్బింది. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చి అడవి కొట్టి వరి పండించారు. కేరళ నుంచి, తమిళనాడు నుంచి, రాంచీ నుంచి, బర్మా నుంచి వచ్చినవాళ్లతో ఊళ్లు ఏర్పడ్డాయి. 1950ల నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల మత్స్యకార కుటుంబాలు వచ్చాయి. ఆ వెనకే రోడ్ల పనులకు, రేవు పనులకు, ఇళ్ల కట్టుబడికి ఉత్తరాంధ్ర కూలీలు, మేస్త్రీలు వచ్చారు. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడ మీద రెండున్నర రోజులు. కెరటం ఎత్తేస్తుంటే కడుపులో తిప్పి, బంకు మీద పడుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ వచ్చిన ఆ మొదటి తరం జంగ్లీఘాట్ లాంటి పేటల్లో గుడిసెలు వేసుకుంది. సముద్రం వాళ్లకు కొత్త కాదు. కొత్తదల్లా చుట్టాలు లేకపోవడమే.

అందుకే తొలినాళ్ల ఆదివారం రేవు దగ్గర గడిచేది. ఓడ వచ్చే రోజు ఏ వారమైనా అదే సెలవు. ఉత్తరాలు, ఆవకాయ జాడీలు, ఎండుచేపల మూటలు, కొత్త కోడళ్లు, ఊరి కబుర్లు అన్నీ ఆ మెట్ల మీంచే దిగేవి. ఎవరి కోసమూ ఎదురుచూడనివాళ్లు కూడా వెళ్లి నిలబడేవారు. తమ జిల్లా యాస ఒకటి చెవిన పడితే చాలు, పేరు అడక్కుండానే ఊరు అడిగి ఇంటికి భోజనానికి తీసుకుపోయేవారు. ఓడ లేని ఆదివారం అబర్డీన్ బజారులో గడియార స్తంభం చుట్టూ ఒక తిరుగుడు, లైట్‌హౌస్ సినిమాలోనో మౌంట్‌బాటెన్ టాకీస్‌లోనో ఒక ఆట, దారిలో టీ, పకోడీ. ఆకాశవాణి పోర్ట్ బ్లెయిర్ కేంద్రం వచ్చాక ఇంటింటా రేడియో చుట్టూ సాయంత్రం కూడింది. తెలుగువాడి పిల్లలు బెంగాలీ దుర్గాపూజకు, బెంగాలీ పిల్లలు మన వినాయక చవితికి, అందరూ కలిసి ఓనమ్‌కు, క్రిస్మస్‌కు పోయే అలవాటు అప్పుడే పడింది. వీధిలో అందరికీ అండమానీ హిందీ, ఇంట్లో ఎవరి భాష వారిది. ఆ పద్ధతి నేటికీ చెదరలేదు.

1970ల్లో అండమాన్ ట్రంక్ రోడ్డు పని మొదలై, దశలవారీగా దక్షిణ, మధ్య, ఉత్తర అండమాన్‌లను కలిపింది. దాంతో వినోదం రాజధాని పోర్ట్ బ్లెయిర్ దాటి చిన్న ఊళ్లకు పాకింది. రంగత్‌వాళ్లకు ఆమ్‌కుంజ్ తీరం, ధనీనాలా మడ అడవుల మీద చెక్క వంతెన బాట. మాయాబందర్‌వాళ్లకు కర్మాటాంగ్. డిగ్లీపూర్‌వాళ్లకు 732 మీటర్ల శాడిల్ పీక్, కాలిపూర్‌లో గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు, ఆటుకు బయటపడే ఇసుక తిన్నెతో ఒకటయ్యే రాస్ (పైన చెప్పిన రాస్ కాదు, ఇది వేరు), స్మిత్ జంట దీవులు. ఇంకా దక్షిణాన లిటిల్ అండమాన్‌లో హట్ బే జనానికి అడవిలో జలపాతాలు. డిగ్లీపూర్ బ్లాక్ మేళా, నీల్ దీవిలో వివేకానంద మేళా, హేవ్‌లాక్‌లో నేతాజీ జయంతి వేళ సుభాష్ మేళా సంవత్సరానికొక్కసారి పల్లెల్ని కదిలిస్తాయి. రంగులరాట్నం, చేపల వేపుడు కొట్లు, రాత్రి పాట కచేరీ. పెద్ద నగరాల్లో ఇవి చిన్న సంగతులు కావచ్చు. ఓడ మీద ఆధారపడి బతికే ఊరికి మాత్రం ఏడాదికి సరిపడా కబుర్లు అక్కడే పుడతాయి.

ఈ రోడ్డు గురించి ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. అది జరవాల అడవిని చీల్చుకుంటూ వెళ్లింది. 2002లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని మూసేయమంది, అయినా రాకపోకలు ఆగలేదు. బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూసే వంకతో జరవాలను చూడటానికి జనం ఎగబడిన తీరు 2012లో ప్రపంచమంతా వీడియోల్లో చూసింది. ఒక మనిషి బతుకు ఇంకో మనిషికి వారాంతపు వింత కాకూడదు. ఈ దీవుల చరిత్రలో సెలవు పేరిట జరిగిన తప్పు ఏదైనా ఉందంటే అదే.

ఇక తెలుగింటి ఆదివారాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఇక్కడ పొద్దు మన పొద్దులా నడవదు. దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి, ఇంత తూర్పున ఉన్న చోట డిసెంబర్‌లో సాయంత్రం అయిదింటికే సూర్యుడు మునిగిపోతాడు. అందుకని బయల్దేరడం తెల్లారకముందే. ముందు రోజు రాత్రే పెద్దాయన పోటు, ఆటుల వేళలు లెక్క కట్టి, ఏ తీరానికి పోవాలో తేలుస్తాడు. ఇరుగుపొరుగు నాలుగిళ్లు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటాయి. వండూరో చిడియాటాపో చేరగానే మగవాళ్లు మూడు రాళ్లు పేర్చి పొయ్యి చేస్తారు, ఒడ్డున పడి ఎండిన కొమ్మలే కట్టెలు. వంజరం ముక్కలకు కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద రాసి నీడన పెడతారు. చింతపండు పులుసు అక్కడే మరుగుతుంది. ఇసుకలో కూర్చునేముందు పిల్లల కాళ్లకు కొబ్బరినూనె పట్టిస్తారు, లేకపోతే ఇసుక ఈగలు కుట్టి వారం రోజులు గోక్కుంటారు. కొన్ని తీరాల్లో మొసళ్ల భయం ఉంది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వరు. కార్తీకంలో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. ఉసిరిచెట్టు కింద వనభోజనం కుదరకపోతే కొబ్బరిచెట్ల కిందే విస్తర్లు వేసుకుంటారు. భోజనాలయ్యాక ముసలివాళ్లు పేకలు పరుస్తారు, నడివయసు ఆడవాళ్లు శ్రీకాకుళం సంబంధాల ముచ్చట్లలో పడతారు. నాలుగింటికే సామాను సర్దడం మొదలు.

వాహనం మాట్లాడుకునే స్తోమత లేనివాళ్లకూ లోటు లేదు. చాతమ్ నుంచి బంబూఫ్లాట్‌కు వెళ్లే ఫెర్రీలో కాసేపు రేలింగ్ పట్టుకుని నిలబడితే చాలు. ఒక పక్క 1883 నాటి చాతమ్ సామిల్లు, ఇంకో పక్క కొండలు, మధ్యలో నీలం నీళ్లు. నన్నడిగితే ఈ దీవుల్లో అన్నిటికన్నా గొప్ప విహారం అదే. రోజూ పనికి పోయేవాడూ, ఆదివారం షికారుకు పోయేవాడూ పక్కపక్కనే నిలబడే ప్రయాణం. ధర తక్కువ కావడం వల్లే ఆ సంతోషం అందరిదీ అయింది.

1979 ఫిబ్రవరి 11న సెల్యులర్ జైలును జాతీయ స్మారకంగా ప్రకటించాక, శిక్షాస్థలం కుటుంబాలు నడిచి చూసే చోటైంది. 1983లో వండూర్ కేంద్రంగా సముద్ర జాతీయ ఉద్యానం ఏర్పడింది. జాలీ బాయ్, రెడ్‌స్కిన్ దీవులను వంతులవారీగా తెరుస్తారు, పగడాలకు ఊపిరి పీల్చుకునే వేళ ఇస్తారు. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. సెలవు మనిషికే కాక సముద్రానికీ ఉండాలన్న ఆలోచన అది. 2004లో టైమ్ పత్రిక హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరాన్ని ఆసియాలో మేటి అని మెచ్చుకుంది. అదే ఏడాది డిసెంబర్ 26, ఆదివారం, క్రిస్మస్ మర్నాడు ఉదయం ఆరున్నరకు భూమి కంపించింది. సునామీ కార్ నికోబార్‌ను, కచ్చాల్‌ను, గ్రేట్ నికోబార్‌ను తుడిచిపెట్టింది. ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. ఆ తర్వాత చాలాకాలం చాలా ఇళ్లు సముద్రం వైపు కన్నెత్తి చూడలేదు. మళ్లీ ఒడ్డుకు ముందుగా వచ్చింది మత్స్యకారులు, వాళ్ల వెనక వాళ్ల పిల్లలు. ఆ ధైర్యాన్ని ఎవరూ పెద్దగా రాయలేదు.

తర్వాతి ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పు అంతకుముందు యాభై ఏళ్లలో రాలేదు. వేగంగా పోయే ప్రైవేటు పడవలు హేవ్‌లాక్‌ను దగ్గర చేశాయి. 2018 డిసెంబర్ 30న ఒకప్పుడు పాలన నడిచిన రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు నేతాజీ సుభాష్ చంద్రబోస్, షహీద్, స్వరాజ్ అన్న పేర్లు పెట్టారు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమై, ఒక వీడియో కోసం గంట కాచుకున్న పిల్లలకు అంతర్జాలం అరచేతిలోకి వచ్చింది. 2023లో కొత్త విమానాశ్రయ భవనం, 2024లో రాజధానికి శ్రీవిజయపురం అనే కొత్త పేరు వచ్చాయి. తాతలు రెండున్నర రోజులు ఊగిన సముద్రం మీంచి మనవలు కొద్ది గంటల్లో ఎగిరిపోతున్నారు. కోవిడ్‌కు ముందే ఏటా అయిదు లక్షలకు దగ్గరగా పర్యాటకులు వచ్చారు. వచ్చేవాళ్లకు తీరం అమ్మకపు సరుకు కావచ్చు, ఉన్నవాళ్లకు మాత్రం అది పెరడు. అయినా ఆదివారం నాడు వ్యాను మాట్లాడుకోవడం ఆగలేదు, మూడు రాళ్ల పొయ్యి చల్లారలేదు. ఫోన్లు చేతికొచ్చినా పెద్దాయన పోటు లెక్క మీదే తీరం నిర్ణయమవుతుంది.

ఇంత చరిత్రలో మన భాగం మాత్రం కాగితం మీద అతి తక్కువ. జైలు రికార్డులున్నాయి, శరణార్థుల జాబితాలున్నాయి. 1950ల్లో, 60ల్లో ఓడ దిగిన తెలుగువాళ్లు తమ మొదటి ఆదివారాలు ఎలా గడిపారో రాసినవాళ్లు అరుదు. వాళ్లలో ఇంకా మన మధ్య ఉన్నవాళ్లు ఎనభై దాటారు. దీవుల్లోని తెలుగు యువతకు, అక్కడి తెలుగు సంఘాలకు, బళ్లలోని పంతుళ్లకు ఒక మనవి. ఈ ఏడాది వనభోజనాలకు పోయినప్పుడు తాతలను, మామ్మలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ ఓడలో వచ్చారు, ఎవరు ఎదురొచ్చారు, మొదటి పండగ ఎక్కడ చేసుకున్నారు, ఆ రోజు ఏం వండారు అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల యాసలోనే రాసి, తేదీ వేసి, ఊరి గ్రంథాలయంలో ఒక ప్రతి దాచండి.